ఔను, అది నా మాటే

మా ఆచార్లు సార్‌కి సన్మానమనే వార్త నేను ఆళ్లగడ్డ బస్టాండులో చదివాను. అహోబిలం జీపులవాళ్ల అరుపుల మధ్య, ఉడకబెట్టిన శెనక్కాయలు చుట్టిచ్చిన పేపరులో. నంద్యాల కళాశాల తత్వశాస్త్ర శాఖాధిపతి అహోబిలాచార్యులు గారు పదవీ విరమణ చేస్తున్నారట. శిష్యవాత్సల్యానికి పెట్టింది పేరట. ఆ మాట దగ్గర శెనక్కాయ గొంతులో అడ్డం పడింది. దగ్గి దగ్గి కళ్లల్లో నీళ్లొచ్చాయి. పక్కనున్న ఆడమనిషి వీపు మీద చరిచి, "మెల్లగ తినమ్మా, ఎవురూ గుంజుకోరు" అంది.

గుంజుకున్నారమ్మా తల్లీ, తొమ్మిదేళ్లయింది గుంజుకుని అని ఆమెతో ఏం చెప్తాను?

నా పేరు సారమ్మ. మా నాయన రాజరత్నం మిషన్ బడిలో అయ్యవారు. నేను తిరుపతిలో ఎమ్మే చదువుతుండగానే పోయాడు. ఇంట్లో మా అమ్మ మరియమ్మ, నేను. పొద్దున నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పి సాయంత్రానికి తిరిగొస్తాను. పార్ట్‌టైం ఉద్యోగం. తర్కం తీసుకుంటే లెక్కలుండవని ఎవడో చెప్పగా నమ్మి చేరిన పిల్లలు. వాళ్లకు నిజంగానే తర్కం అవసరం.

నేను ఉండాల్సింది అక్కడ కాదు. నంద్యాల డిగ్రీ కాలేజీలో, ఆచార్లు సార్ పక్క కుర్చీలో. అది నా పొగరు కాదు, ఒకప్పుడు ఆయన నోటి మాటే.

బి.ఏ.లో నేను ఆయన శిష్యురాలిని. కాలేజీలో శనివారం చర్చ అని ఒకటి నడిపేవాడు. లైబ్రరీ వెనక గదిలో, మధ్యాహ్నం పూట. దానికొక కట్టుబాటుండేది. ఎదుటివాడి మాటను ఖండించే ముందు ఆ మాటను నువ్వే చెప్పాలి. ముక్కూ మొహం చెక్కేసి చెప్పడం కాదు. నువ్వే వాడివైపోయి, 'నేను' అంటూ, వాడికి కూడా తట్టని బలం చేర్చి చెప్పాలి. విని వాడు "ఔను, అది నా మాటే" అనాలి. "కాదు" అన్నాడా, మళ్లీ మొదటి నుంచి. "ఔను" అన్నాడా, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. అప్పుడు నువ్వు ఖండించాలి. చివరికి ఎవరో ఒకరు "దీనికి నా దగ్గర జవాబు లేదు" అని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక అందరూ కలిసి బజ్జీలు తినాలి, సోమవారం ఎవరూ ఆ ఊసెత్తకూడదు. ఎంత కొట్లాటైనా అక్కడితో తీరిపోయినట్టే.

ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. తన మాటను ఎవరన్నా బాగా చెబితే ఆయన మొహంలో ఒక వెలుగొచ్చేది, నైవేద్యం పెట్టించుకుంటున్న దేవుడల్లే. నేను చెప్పినప్పుడు ఆ వెలుగు ఇంకాస్త ఎక్కువ. "నా మాట నా నోట్లో కంటే సారమ్మ నోట్లో బాగుంటాది" అనేవాడు అందరి ముందూ.

డెబ్బై ఐదులో ఆయన పక్కన లెక్చరర్ పోస్టు పడింది. ఎమ్మేలో నాకు ఫస్టు క్లాసు. ఇంటర్వ్యూకి ముందు రోజు స్టాఫు రూముకి పిలిచాడు. ఇంకెవరూ లేరు. బత్తాయి వలుస్తున్నాడు. తొనలు ఒక్కొక్కటి పీచు తీసి నా చేతిలో పెడుతూ చెప్పాడు.

"తర్కం నీకు వచ్చు, ఒప్పుకుంటా. కానీ తత్వం చెప్పే అర్హత వేరే తల్లీ. అది చదివితే వచ్చేది కాదు. పుట్టినకాడి నుంచి ఇంట్లో వినాల. నీ ఇంట్లో నువ్వేం విన్యావు? మీ పాటలు విన్యావు. నీ తప్పని అంటాండానా? అనడంల్యా. నువ్వు ఆ కుర్చీలో కూచుంటే ఆ కుర్చీకీ బాగుండదు, నీకూ బాగుండదు. నీ మంచికే చెప్తాండా."

పోస్టు ఆయన మేనల్లుడు వరదాచార్యులకి వచ్చింది. థర్డు క్లాసు వరదాచార్యులు. కొండ మీద పొగ ఉంటే నిప్పున్నట్టు అని చెబుతుంటే, మా నల్లమల మీద తెల్లారే కనబడేది మంచు గదా సార్ అన్నందుకు పిల్లవాణ్ని క్లాసు బయట నిలబెట్టిన వరదాచార్యులు. ఇంట్లో విన్న చదువు అది.

అంతటితో ఆగినా సరిపోయేది. "సారమ్మ కోసం ఎంత కొట్లాడినానో! కమిటీలో ఎవురూ వినల్యా" అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఊరంతా నమ్మింది. అందరికంటే ముందు మా అమ్మ నమ్మింది. నాతో ఏమన్నాడో నేను చెబితే, "అంత పెద్దాయన అట్లంటాడా? నువ్వే ఏందో తిక్కగ అర్థం జేసుకోనుంటావు" అంది. నా కోసం కొట్లాడినందుకు ఏటా క్రిస్మస్‌కి ఆయన ఇంటికి కజ్జికాయలు మోసుకెళ్లేది. గడప బయట నిలబడి ఇచ్చేది. వచ్చి, "ఎంత మర్యాదగ తీసుకున్యాడో" అని మురిసేది. ఆ మురిపెం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఉద్యోగం పోయినందుకు కాదు నా కసి. స్టాఫు రూములో అన్న ఆ మాట ఆయన నోటితోనే, నలుగురి ముందు, మా అమ్మ వినేలా చెప్పించాలి. బస్సులో శిరివెళ్ల దాటుతూ, పరీక్షల డ్యూటీలో పిల్లల నెత్తిన నిలబడి, అన్నం కలుపుకుంటూ ఇదే ఆలోచన. ఆయన ఒప్పుకోడు. ఎవరడిగినా ఒప్పుకోడు. అయితే ఆయన చేత ఒప్పించే దారి ఒక్కటుంది, అది ఆయనే నాకు నేర్పాడు.

పేపరు చూసిన మర్నాడే వరదాచార్యులు ఆళ్లగడ్డ వచ్చాడు. కాలేజీ మెట్ల మీద రుమాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"అక్కా, మామ పంపిచ్చినాడు. మామ రిటైరయితే హెడ్డు నేనే. నా సీటు ఖాళీ అయితాది. ఈ సారి అది నీకే ఇప్పిచ్చాలని కరస్పాండెంటు సుబ్బయ్య గారితో మామ మాట్లాడినాడు. ఇంటర్వ్యూ ఊరికే పేరుకు. సన్మానంలో నువ్వు నాలుగు మంచి మాటలు చెప్పాల, అంతే."

అంటే వరదాచార్యుల కింద పని. అదీ ఆయన భిక్ష. దానికి మైకులో కృతజ్ఞతలు. నేను నవ్వాను.

"నాలుగు మాటలేం సరిపోతాయప్పా. ఆ రోజు మన శనివారం చర్చ పెడదామని చెప్పు మీ మామకి. చివరిసారి. ఆయన మాటే నేను చెప్తా."

ఆచార్లు సార్ ఆ కబురు విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. మా అమ్మయితే పట్టుచీర పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. "పర్మినెంటు అయితాది. ఇంక ఆ బస్సు తిరుగుడు తప్పుతాది. నోరు జాగ్రత్త, సారా" అంది.

నోరు జాగ్రత్తగానే పెట్టుకున్నాను. తొమ్మిదేళ్లు పదును పెట్టిన నోరు అది.

కాలేజీ హాలు నిండిపోయింది. పాత విద్యార్థులు, ఊరి పెద్దలు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇద్దరు. వేదిక మధ్యలో పూలదండలో మునిగి ఆచార్లు సార్. పక్కన సుబ్బయ్య గారు. గోస్పాడు దగ్గర పెద్ద రైతు. ఈ కాలేజీకి స్థలం వాళ్ల నాయన ఇచ్చిందే. పోస్టులు వేసేదీ తీసేదీ ఆయనే. పెద్దగా చదువుకోలేదు గానీ కూతురు విజయమ్మను పట్టుబట్టి తత్వశాస్త్రం బి.ఏ.లో చేర్పించాడు, ఆచార్లు సార్ మీద గురికొద్దీ. ముందు వరసలో మా అమ్మ, ఒళ్లో కజ్జికాయల డబ్బా.

నన్ను పిలిచారు. ఆయనకు దండం పెట్టి మైకు ముందుకు వచ్చాను.

"సార్ కట్టుబాటు ప్రకారం ముందు ఆయన పక్షం చెప్తాను. ఆయన ఔనంటేనే తర్వాతి మాట. విషయం: తత్వం చెప్పే అర్హత ఎవరికి?"

ఆయన కళ్లు తెరిచి ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టుంది. కానీ పాత శిష్యులంతా చప్పట్లు కొట్టారు. ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

నేను మొదలుపెట్టాను. ఆయన గొంతుతో, ఆయన నిదానంతో, 'నేను' అంటూ. తెలుసుకోవడం వేరు, తెలిసి ఉండటం వేరు అన్నాను. తెలుసుకోవడానికి పుస్తకం చాలు. తెలిసి ఉండటానికి ఇల్లు కావాలి. పాట ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లకు శ్రుతి తప్పితే చెవి చెబుతుంది, లక్షణం చదివిన పిల్లకు పుస్తకం చెప్పాలి. పుస్తకం మర్చిపోవచ్చు, చెవి మర్చిపోదు. తత్వం చెప్పేవాడికి కావాల్సింది ఆ చెవి. ఇందులో ఎవరినీ తక్కువ చేయడం లేదు అన్నాను. తెలివి అందరికీ ఉంటుంది, చెవి కొందరికే ఉంటుంది.

ఆయన తల ఊపుతున్నాడు. ఆ వెలుగు వచ్చింది. మాటలు నా నోట్లోంచి వస్తున్నాయి, గొంతు మాత్రం ఆయనదే.

"కాబట్టి, నాగలి పట్టిన ఇంట్లో పుట్టినవాడు గానీ, మగ్గం మీద పుట్టినవాడు గానీ, తోలు పని ఇంట్లో పుట్టినవాడు గానీ, చర్చి పాటలు వింటూ పెరిగినవాడు గానీ, ఎంత చదివినా ఈ కుర్చీకి తగడు. అది వాడి తప్పు కాదు. వాడు మనకు దండం పెట్టొచ్చు, స్థలమివ్వొచ్చు, డబ్బివ్వొచ్చు. గుడి కట్టించినంత మాత్రాన గర్భగుడిలోకి పోతాడా? ఇదీ నా పక్షం."

నేను ఆగాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఎన్నేళ్లకు తన మాట తన అసలు రూపంలో వినిపించిందో! చెయ్యి ఎత్తి, మైకు తన వైపు లాక్కున్నాడు.

"ఔను. అది నా మాటే. నాకంటే బాగ చెప్పింది."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దానికి ఆయన కళ్లు తెరిచాడు.

సుబ్బయ్య గారు కుర్చీలో ఇటు తిరిగి కూర్చున్నాడు. "ఏం సామీ, నాగలి పట్టినోడు అన్యావా?"

"అది... చర్చ సుబ్బయ్య గారూ. చర్చలో మాట."

"మా నాయనిచ్చిన స్థలంలో కూచోని చెప్తాండావు. నా బిడ్డ నీ క్లాసులో ఉండాది. రేపు అది లెక్చరరు అయితానంటే ఈ మాటే చెప్తావా?"

ఆచార్లు సార్‌కి కాదనడానికి లేదు. ఔనన్న మాట వెనక్కి తీసుకున్నవాణ్ని ఆయనే ఆ గది నుంచి ఎన్నిసార్లు పంపించాడో! ఎదురుగా అదే గదిలో పెరిగిన శిష్యులు.

నేను మైకులోనే అడిగాను. "సార్, డెబ్బై ఐదులో స్టాఫు రూములో నాతో అన్న మాట కూడా ఇదే గదా?"

ఆయన నా వైపు కాదు, ముందు వరస వైపు చూశాడు. "ఇదే" అన్నాడు.

మా అమ్మ లేచి నిలబడింది. కజ్జికాయల డబ్బా రెండు చేతులా పట్టుకుంది. "ఏటేటా తెచ్చిస్తి గదా సామీ నీకు. నా బిడ్డ కోసం కొట్లాడినావని తెచ్చిస్తి గదా" అంది. ఆ డబ్బా ఆయన ముందు పెట్టలేదు, విసిరికొట్టలేదు. కొంగు కింద దాచుకుని బయటికి నడిచింది.

అప్పుడు నా కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, బాగా చల్లబడింది.

"సారమ్మా," అన్నాడు ఆయన. చెమటలు పట్టాయి. "ఖండన చెప్పు. పక్షం చెప్పినావు, ఖండన చెప్పాల గదా."

నా దగ్గర ఖండన ఉంది. తొమ్మిదేళ్లలో అటు నుంచి ఇటు నుంచి నూరి పెట్టుకున్నది. చెబితే ఆయన మాట తునాతునకలయ్యేది. ఆయన పెద్దమనిషిలా "దీనికి నా దగ్గర జవాబు లేదు" అనేవాడు. చప్పట్లు కొట్టేవాళ్లు. అందరం కలిసి ఉప్మా తినేవాళ్లం. అక్కడితో తీరిపోయేది.

తీరనివ్వను. మైకు బల్ల మీద పెట్టి దిగి వచ్చేశాను.

నాకు ఇంటర్వ్యూ కాగితం రాలేదు. సుబ్బయ్య గారి కోపం ఆచార్లు సార్ మీదా, మేనల్లుడి మీదా పడుతుందని నేను లెక్కేసుకున్నాను. పడింది. వరదాచార్యుల్ని లైబ్రరీలో పుస్తకాలు అందించడానికి కూర్చోబెట్టారు. కానీ ఆ కోపం సబ్జెక్టు మీద కూడా పడుతుందని నేననుకోలేదు. "మాకు అర్హత లేని సదువు మా కాలేజీలో ఎందుకప్పా? తీసేసి కామర్సు పెట్టండి" అన్నాడట. వచ్చే ఏడు నుంచి నంద్యాల కళాశాలలో తత్వశాస్త్రం ఉండదని పేపర్లో ఒక మూల వేశారు. ఆ రాత్రి మా అమ్మ, "ఆ పొద్దు నోరు మూసుకోని ఉంటే కుర్చీ నీదైతాండె" అంది. "తొమ్మిదేండ్లు మూసుకోనే ఉంటిని గదమ్మా" అన్నాను. ఇద్దరం అన్నం తినలేదు.

తర్వాత కొన్నాళ్లకు, ఒక శనివారం మధ్యాహ్నం, ఆళ్లగడ్డలో నా క్లాసు గుమ్మం దగ్గర ఆచార్లు సార్ నిలబడి ఉన్నాడు. బస్సు దుమ్ము పంచె నిండా. చిక్కిపోయాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. నేను లేవలేదు. గంట కొట్టి పిల్లలంతా పోయేదాకా గుమ్మంలోనే నిలబెట్టాను. తర్వాత లోపలికి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు నా పక్షం నువ్వు చెప్పినావు. ఈ పొద్దు నీ పక్షం నేను చెప్తా" అన్నాడు. "నువ్వు ఔనంటే చాలు. దీనికి నా దగ్గర జవాబు లేదని చెప్పి, బస్సెక్కి పోతా. నాకు నిద్ర పట్టడంల్యా తల్లీ."

ఆయన కళ్లు మూసుకోలేదు ఈసారి. బల్ల వైపు చూస్తూ మొదలుపెట్టాడు. 'నేను' అంటూ, నా గొంతుతో.

"నేను ఆయన్ని నా నాయన మాదిరి అనుకున్యా. నాయన పోయినాక నాకు చదువు చెప్పే గొంతు అదొక్కటే మిగిలింది. ఆయన నన్ను తిట్టుంటే బాగుండు. తిట్టుంటే తిరిగి తిట్టేదాన్ని. తిట్టల్యా. బత్తాయి తొనలు పీచు తీసి చేతిలో పెడతా చెప్పినాడు. నేను..." ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేను ఆ తొనలు తిన్యా. ఆయన ఆ మాటలు చెప్తా ఉంటే, మర్యాద పోతాదేమో అని, ఒక్కటి కూడా వదలకుండ తిన్యా. అవి తిన్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతాండా. ఆయన మీద కంటే నా మీదే నాకు కోపం. కుర్చీ పోయింది అనేది దాని ముందు ఏమీ కాదు. ఇదీ నా పక్షం."

కిటికీ చువ్వ పట్టుకున్నాను. ఆ తొనల సంగతి నేనెవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. మా ఇంట్లో బత్తాయి కొనము. ఎందుకని మా అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఆయన తలెత్తి చూశాడు. దాహంతో ఉన్నవాడు చెంబు వైపు చూసినట్టు నా నోటి వైపు చూస్తున్నాడు.

ఒక్క మాట. ఔను అంటే ఆయనకు తీరిపోతుంది. సోమవారం ఆ ఊసుండదు.

"కాదు సార్," అన్నాను. "అది నా మాట కాదు."

ఆయన మొహం పాలిపోయింది. ఆయనకు తెలుసు, నేను అబద్ధం చెబుతున్నానని. నాకు తెలుసు, ఆయనకు తెలుసని. అయినా ఏమీ అనలేడు. కాదంటే మళ్లీ మొదటి నుంచి. ఆ కట్టుబాటు పెట్టింది ఆయనే.

"ఇంకోసారి చెప్పండి సార్."

గొంతు సవరించుకుని ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. బస్సు టైము దాటేదాకా చెప్పాడు. దాటాక నేను తాళం చెవులు తీసుకుని లేచాను. వచ్చే శనివారం వస్తానన్నాడు.

రానీ.